కళ్ళు పైకి పోయి ఇరుక్కుంటే: స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి చూపును ఇంట్లో ఎలా కనిపెట్టుకోవాలి

అత్యవసరమైన మాట ముందు చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి మందు వాడుతున్న మనిషి కళ్ళు ఉన్నట్టుండి పైకి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోతే, కిందికి దించమన్నా దించలేకపోతుంటే, అది గాలి కాదు, పూనకం కాదు, రోగం ముదరడమూ కాదు. చాలావరకు అది మందు వల్ల కంటి కండరాలు పట్టేయడం. డాక్టర్లు ఆక్యులోజైరిక్ క్రైసిస్ అంటారు. సరైన ఇంజెక్షన్ పడితే సాధారణంగా అరగంటలోపే దిగిపోతుంది. ఈ ఒక్క ముక్క మాకు ముందే తెలిసి ఉంటే మా అన్నయ్య ఆ రాత్రి అన్ని గంటలు నరకం పడేవాడు కాదు.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. అన్నయ్యకి ఇరవై మూడేళ్ళప్పుడు జబ్బు బయటపడింది. ఒకచోట చూపిస్తే ఇంజెక్షన్ వేసి, మాత్రలు రాసి పంపారు. కళ్ళ సంగతి, కండరాలు పట్టేసే సంగతి మాకెవరూ చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం వసారాలో టీ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టి తల వెనక్కి వాల్చేశాడు. చూపు దూలం మీదికి పోయింది. నల్లగుడ్డు సగానికి పైగా పైరెప్ప కింద దాక్కుంది, కింద తెల్లగుడ్డు మాత్రమే కనిపిస్తోంది, మెడ కుడివైపుకి తిరిగిపోయింది. "కిందికి రావట్లేదే" అన్నాడు, మాట ముద్దగా ఉంది. అమ్మ "ఓలమ్మో, నా బావుకి ఏటైపోనాదర్రా" అని గుండెలు బాదుకుంది. వీధిలో వాళ్ళొచ్చి వేపమండలు తెమ్మన్నారు, నిమ్మకాయలు తిప్పారు. అంతసేపూ వాడికి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి, అన్నీ అర్థమవుతూనే ఉన్నాయి. రాత్రి ఒంటిగంటకి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీలో ఉన్న నర్సమ్మ "ఏం మాత్రలు వాడుతున్నాడు?" అని అడిగి, స్ట్రిప్పు చూసి డాక్టర్ని పిలిచింది. ఇంజెక్షన్ వేసిన పావుగంటకి నల్లగుడ్డు మెల్లగా కిందికి జారింది, అన్నయ్య నా మొహం వైపు చూశాడు.

ఇది జబ్బు ముదిరి వచ్చేది కాదు, మెదడులోని డోపమైన్ అనే రసాయనాన్ని మందు అడ్డుకోవడం వల్ల వచ్చేది. హాలోపెరిడాల్ లాంటి పాత మందులతో, వాటినే నెలకోసారో పదిహేను రోజులకోసారో వేసే ఇంజెక్షన్లతో ఎక్కువ. కొత్త మందులతో తక్కువే గానీ అసలు రాదనుకోవద్దు. కుర్రవాళ్ళకి మరీ ఎక్కువ. చాలామందికి మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన మొదటి నాలుగైదు రోజుల్లోనే వస్తుంది, అందుకే ఆ రోజులు ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌తో కూడా ఇలా జరగొచ్చు. కాబట్టి వాంతులని పక్క వీధి క్లినిక్‌కి వెళ్ళినా, ఈ మనిషి మానసిక జబ్బుకి ఫలానా మాత్ర వాడుతున్నాడని ముందే చెప్పండి.

అప్పుడేం చేయాలంటే, ముందు గుంపుని బయటికి పంపండి. మనిషిని ఆనుకుని కూర్చోబెట్టండి, లేకపోతే ఒక పక్కకి పడుకోబెట్టండి. మెడని బలవంతంగా తిప్పొద్దు, రెప్పలు పట్టి లాగొద్దు. నాలుక, దవడ పట్టేసి ఉంటే నీళ్ళు కూడా పోయకండి, గొంతుకి అడ్డం పడతాయి. చెవి దగ్గర నెమ్మదిగా, "ఇది మందు వల్ల వచ్చింది, ఇంజెక్షన్‌తో పోతుంది, నేనిక్కడే ఉన్నాను" అని చెప్తూ ఉండండి. ఆ సమయంలో వాళ్ళకి కలిగే భయం ఇంతా అంతా కాదు, మన గొంతు వాళ్ళకి ఆసరా. ఈలోగా ఇంకొకరు మాత్రల స్ట్రిప్పులు, చీటీ అన్నీ ఒక సంచిలో వేసుకోవాలి. దగ్గరలో ఏ ఆస్పత్రి ఉంటే అక్కడికే వెళ్ళండి, పెద్ద ఊరిదాకా పోనవసరం లేదు. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. గుమ్మంలోనే "మానసిక జబ్బు మందు మొదలుపెట్టి మూడో రోజు, కళ్ళు పైకి పోయాయి, స్పృహ ఉంది" అని చెప్పండి. ఈ వాక్యం చెప్తే పని సగం అయిపోతుంది, లేకపోతే ఫిట్స్ అనుకునో, నటిస్తున్నాడనుకునో ఆలస్యం జరుగుతుంది.

ఫిట్స్‌లో సాధారణంగా స్పృహ పోతుంది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. ఇక్కడ మనిషికి తెలివి ఉంటుంది, పిలిస్తే ఊఁ అంటాడు. గొంతు బిగుసుకుని ఊపిరి కష్టమవుతున్నా, ఒళ్ళంతా కర్రలా బిగిసి జ్వరం కాస్తూ మనిషి అయోమయంగా ఉన్నా అది ఇంకా పెద్ద ప్రమాదం, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఇంజెక్షన్‌తో తగ్గిందని అక్కడితో వదిలేయకూడదు, ఎందుకంటే మళ్ళీ రావచ్చు. అందుకే డాక్టర్లు కొన్నాళ్ళు ట్రైహెక్సీఫెనిడిల్ రాస్తారు, మందుల షాపులో పాసిటేన్ అంటే అందరికీ తెలుస్తుంది. అది మంచి మాత్రే, కానీ ఎప్పటికీ వాడేసేది కాదు. నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది, దగ్గరి అక్షరాలు మసకబారతాయి, మతిమరుపు కూడా రావచ్చు. ఎప్పటిదాకా వాడాలో డాక్టర్నే అడగండి. ఇక దయచేసి వినండి, కళ్ళు పైకి పోయాయన్న భయంతో అసలు మందు మీరే ఆపేయకండి. మా ఇంట్లో ఆ తప్పు జరిగింది. రెండు నెలలు ఆపేశాం, జబ్బు తిరగబెట్టింది, ఆ దెబ్బ నుంచి వాడు కోలుకోవడానికి ఏడాది పట్టింది. మందు మార్చడం, డోసు తగ్గించడం, తోడు మాత్ర ఇవ్వడం, ఇలా డాక్టర్ దగ్గర దారులు చాలా ఉన్నాయి.

ఫోన్, క్యాలెండర్

మనం మందు రాసే డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు మామూలుగా ఉంటాయి. అందుకే జరుగుతున్నప్పుడే ముప్పై సెకన్లు వీడియో తీయండి, మొహం, మెడ రెండూ కనిపించాలి, పేరు పెట్టి పిలిచి జవాబు వస్తుందో లేదో కూడా అందులో వినిపించాలి. ఇంటి మనిషికి బాగున్నప్పుడే అడిగి ఒప్పుకున్నాకే తీయండి, డాక్టర్‌కి తప్ప ఎవరికీ పంపకండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ మనిషి ఇక మిమ్మల్ని నమ్మడు.

రెండోది, గోడ మీది క్యాలెండర్. నేను తేదీ గడిలో చిన్నగా రాస్తాను: "6:40 సా. కళ్ళు పైకి, 25 ని., మాట తెలుస్తోంది, మెడ కుడికి. ముందురోజు డోసు పెరిగింది." నిద్ర పట్టిందా, బీడీలు ఎన్ని కాల్చాడు, మాత్ర మర్చిపోయాడా, ఇవి కూడా ఒక్కో అక్షరంతో గుర్తు పెడతాను. ఓపీలో డాక్టర్ మనకిచ్చే రెండు మూడు నిమిషాల్లో "ఏదోలా ఉంటున్నాడండీ" అంటే ఆయనకేం తెలుస్తుంది? ఆ నెల కాగితం చింపి చేతిలో పెడితే చూడగానే తెలుస్తుంది. రెప్పలు కొట్టడం కూడా గమనించండి. మరీ ఎక్కువైనా, అసలు కొట్టకుండా మొహం బొమ్మలా బిగుసుకుపోయినా రాయండి. చాలా ఏళ్ళు మందు వాడినవాళ్ళకి రెప్పలు గట్టిగా మూసుకుపోతున్నా, నోరు నములుతున్నట్టు ఆడుతున్నా ఆ వారమే చూపించండి, వచ్చే నెల దాకా ఆగొద్దు.

మందుతో సంబంధం లేని తేడా

ఇప్పటిదాకా చెప్పింది మందు వల్ల వచ్చేది. జబ్బుతోనే వచ్చే తేడా ఇంకొకటి ఉంది, అది తెలిశాక అన్నయ్య మీద నాకున్న కోపాలు చాలావరకు పోయాయి.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. ఆ పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుని ఉంటే, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మాను కదులుతూ ఉంటుంది, లక్షల కళ్ళు దాన్నే అనుసరిస్తాయి. మన కళ్ళు ఆ మాను కొసతో పాటు నూనె రాసినట్టు నున్నగా జారుతాయి. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందికి ఆ నున్నదనం తగ్గుతుంది. కదిలే వస్తువు కంటే చూపు వెనకబడిపోతుంది, దాన్ని అందుకోవడానికి చిన్న గెంతు వేస్తుంది, మళ్ళీ వెనకబడుతుంది, మళ్ళీ గెంతుతుంది. పక్కనున్నవాళ్ళకి ఇవేవీ కనిపించవు, యంత్రంలో గీత గీస్తేనే మెట్లు మెట్లుగా కనిపిస్తాయి.

దీన్ని కనిపెట్టింది ఈమధ్య కాదు. 1908లోనే అమెరికాలో డీఫెన్‌డార్ఫ్, డాడ్జ్ అనే ఇద్దరు కళ్ళ కదలికల్ని ఫొటో పద్ధతిలో నమోదు చేసి ఈ తేడా చూపించారు. అప్పటికి ఈ జబ్బుకి మందులే లేవు, మొదటి మందు క్లోర్‌ప్రోమజైన్ వచ్చింది 1950ల్లో. అంటే ఈ తేడా అంతా మందుల పుణ్యమే అనడానికి లేదు. తర్వాత చాలా ఏళ్ళు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో ఫిలిప్ హోల్జ్‌మన్ అనే సైకాలజిస్టు బృందం ఊగే లోలకాన్ని చూడమని చెప్పి మళ్ళీ అదే తేలుస్తూ సైన్స్ పత్రికలో ప్రచురించింది. మరుసటి ఏడాది ఇంకో సంగతి బయటపెట్టారు, జబ్బు లేని తోబుట్టువుల్లో, తల్లిదండ్రుల్లో కూడా కొందరికి ఈ తేడా ఉందని. ఇది చదివిన రోజు నేను అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. నాకూ ఉండొచ్చు. ఉన్నా నాకు జబ్బు లేదు. వాడికీ నాకూ ఒకే రక్తం, మెదడులో ఒకే రకం తీగలు, వాడికి జబ్బు తగిలింది, నాకు తగల్లేదు. దీనిలో వాడి తప్పు ఎక్కడుంది?

ఇంకో పరీక్షలో, వెలుగు కుడివైపు వెలిగితే ఎడమవైపు చూడమంటారు. అటు వెళ్ళబోయే చూపుని ఆపి ఇటు తిప్పాలి, ఆ ఆపే పని మెదడు ముందుభాగానిది. మనమూ అప్పుడప్పుడు తప్పుతాం, వీళ్ళు ఎక్కువసార్లు తప్పుతారు. మూడోది ఫొటో చూసే తీరు. పెళ్ళి ఆల్బమ్ ఇస్తే మన చూపు మొహం నుంచి మొహానికి, కళ్ళకి, నవ్వుకి, చీరకి, వెనకనున్న మామయ్యకి పరుగులు పెడుతుంది. వీళ్ళ చూపు కొన్ని చోట్లే ఆగుతుంది, తక్కువ దూరమే తిరుగుతుంది. అన్నయ్య నా పెళ్ళి ఫొటోలో నా మొహం చూడకుండా పందిరి రాట వైపు చూస్తూ కూర్చుంటే నా మీద ప్రేమ లేదనుకుని ఏడ్చాను. అదంతా నా తెలియనితనం.

2012లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాంటి చూపు పరీక్షలు కొన్ని కలిపి, జబ్బు ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ 98 శాతం దాకా సరిగ్గా వేరు చేయగలిగామని ప్రకటించారు. అది పరిశోధన. అది చదివి కళ్ళు స్కాన్ చేసి స్కిజోఫ్రీనియా ఉందో లేదో చెప్పేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఈ తేడాలు బైపోలార్ అనే ఇంకో మానసిక జబ్బులో కొందరికి, ఇంకొన్ని జబ్బుల్లో కూడా ఉంటాయి. ఇప్పటికీ జబ్బుని తేల్చేది మాట్లాడి, ఇంటివాళ్ళని అడిగి, కొంతకాలం చూసి, వేరే కారణాలు లేవని పరీక్షించాకే.

ఇంట్లో మీరు పెన్ను పట్టుకుని అటూ ఇటూ ఊపి పరీక్షలు పెట్టకండి. నిద్ర లేకపోయినా, మత్తు మాత్ర వేసుకున్నా, తాగి ఉన్నా, వయసు పైబడినా చూపు గెంతుతుంది. బీడీ కాల్చిన కాసేపు నికోటిన్ వల్ల కొందరికి నున్నగా కూడా అవుతుంది. వీటన్నిటి మధ్య మామూలు కంటితో చూసి ఏమీ తేల్చలేం, అపనమ్మకం మాత్రం పెరుగుతుంది. అన్నింటికంటే, మీ పిల్లల కళ్ళు చూసి వీడికీ వస్తుందేమోనని టెన్షన్ పడకండి.

రోజూ పనికొచ్చే సర్దుబాట్లు

ఎదురుగా కూర్చుని "నా కళ్ళలోకి చూసి మాట్లాడు" అనకండి. పక్కన కూర్చోండి, అరుగు మీద ఇద్దరూ వీధి వైపు చూస్తూ మాట్లాడుకోండి. మా అన్నయ్య ఎదురుగా కూర్చుంటే రెండు మాటల్లో లేచిపోతాడు, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే గంటసేపు కబుర్లు చెప్తాడు.

హైవే దాటడం జాగ్రత్త. లారీ ఎంత వేగంగా వస్తోందో లెక్క కట్టాలంటే చూపు దాన్ని అంటిపెట్టుకుని ఉండాలి, ఆలోచన కూడా ఆ వేగానికి అందాలి. మందు మత్తు కూడా తోడైతే పొరపాటు జరుగుతుంది. అండర్‌పాస్ ఉన్నచోటే దాటుదామని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. బండి నడపొచ్చా లేదా అన్నది డాక్టర్ని నేరుగా అడగండి.

పని సంగతి చెప్తాను. అన్నయ్యని పలాసలో తెలిసినవాళ్ళ జీడిపప్పు ఫ్యాక్టరీలో పెట్టాం. కదిలే పట్టీ మీద వెళ్ళిపోతున్న పప్పులో ముక్కలూ మచ్చలూ ఏరమన్నప్పుడు మధ్యాహ్నానికే తలపోటుతో వచ్చేసేవాడు, సూపర్‌వైజర్ బద్ధకం అన్నాడు. నేను వెళ్ళి బతిమాలి, బల్ల మీద కుప్ప పోసి ఇమ్మని అడిగాను. కుప్ప కదలదు కదా. ఒక్కొక్క గింజా వేళ్ళతో తిప్పి, గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, మచ్చ పడినది ఒక పక్కకి వేస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఇప్పుడు నాలుగేళ్ళైంది. అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పను, కానీ మీ మనిషికి పని వెతికేటప్పుడు కదిలేది ఎంత, నిలకడగా ఉండేది ఎంత అని ఒకసారి చూడండి.

మాట్లాడుతూ మాట్లాడుతూ చూపు హఠాత్తుగా మూలకి తిరిగిందంటే, అక్కడ ఏదో వినిపించి ఉండొచ్చు. "ఎవరూ లేరు, ఇటు చూడు" అని కసరకండి. "ఏదైనా వినిపించిందా?" అని మామూలు గొంతుతో అడగండి. అలాంటివి రోజులో పెరుగుతుంటే అది క్యాలెండర్‌లో రాయాల్సిన మొదటి సంగతి.

చూపు మసకైతే జబ్బు ఖాతాలో వేసేయకండి. పాసిటేన్ వల్ల కావచ్చు, కళ్ళజోడు మార్చాల్సి ఉండొచ్చు, ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటివి వాడేవాళ్ళకి షుగర్ వచ్చి ఉండొచ్చు. షుగర్ పరీక్ష చేయించండి, కంటి డాక్టర్‌కి చూపించి ఏ మందులు వాడుతున్నాడో చెప్పండి. కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి పెడితే ఆ రోజే వెళ్ళాలి. ఒకటి రెండుగా కనిపించడం, ఒక రెప్ప వాలిపోవడం, కళ్ళు వణుకుతూ నడక తూలడం, ఇవి స్కిజోఫ్రీనియా లక్షణాలు కావు. పక్షవాతం కావచ్చు, లిథియం అనే మందో ఫిట్స్ మాత్రో ఒంట్లో ఎక్కువై ఉండొచ్చు, తాగుడు ఉన్నవాళ్ళకైతే బి1 విటమిన్ లేక మెదడు దెబ్బతింటూ ఉండొచ్చు. "వాడెప్పుడూ అంతేలే" అని ఊరుకుంటే మనిషి దక్కడు.

మా అమ్మ ప్రతి ఏడాదీ రథసప్తమికి అన్నయ్యని అరసవల్లి తీసుకెళ్తుంది. కంటి జబ్బులకి సూర్యనారాయణస్వామికి మొక్కుకోవడం మన జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకి కొత్త కాదు. నేనూ వెళ్తాను. రెండే రెండు జాగ్రత్తలు తీసుకుంటాం. క్లోర్‌ప్రోమజైన్ లాంటి మందు వాడేవాళ్ళకి ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, అందుకని క్యూలో గొడుగు. రెండోది, సూర్యుడి వైపు కళ్ళు విప్పి చూడనివ్వం. దేవుడు రమ్మంటున్నాడని వినిపించి సూర్యుణ్ణి అలాగే చూస్తూ ఉండిపోయి రెటీనా కాల్చుకున్నవాళ్ళ గురించి వైద్య పత్రికల్లో ఉంది. కళ్ళు మూసుకుని దండం పెట్టమంటుంది అమ్మ, వాడూ వింటాడు.

ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే, శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అనే ప్రభుత్వ ఆస్పత్రి, విజయనగరంలో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉన్నాయి. ఇంట్లో నుంచే మాట్లాడాలంటే మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కళ్ళు పైకి పోయినప్పుడు మాత్రం ఫోన్‌లో కబుర్లు పెట్టుకోకుండా బయల్దేరండి.

చివరగా ఒక చీటీ తయారు చేసుకోండి. పోస్టుకార్డు అంత అట్ట ముక్క మీద రాసి, తడవకుండా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, చొక్కా జేబులో ఉంచండి. మా అన్నయ్య జేబులో ఉన్నది వాడే తన చేతిరాతతో రాసుకున్నాడు: "నా కళ్ళు పైకి పోతే భయపడకండి. నాకు మీ మాట వినిపిస్తుంది. నేను తాగలేదు. ఇది నేను వాడే మందు వల్ల. మందుల పేర్లు వెనక రాశాను. దగ్గరలోని ఆస్పత్రికి తీసుకెళ్ళి ఈ చీటీ చూపించండి. మా చెల్లికి ఫోన్ చేయండి."